దయచేసి మంచు తీయకండి

ముందుగా రోడ్ల శాఖ వారికి ఒక విన్నపం. వచ్చేసారి మంచు పడినప్పుడు దయచేసి తీయకండి! ట్రాక్టర్లను షెడ్లలోనే ఉంచండి. ఉప్పు బస్తాలు విప్పకండి. డ్రైవర్లకు సెలవిచ్చి ఇంటికి పంపండి. మనిషిని బాగుచేసే శక్తి మంచుకు తప్ప దేనికీ లేదని ఈ వారం నేను స్వానుభవంతో కనుగొన్నాను. అలాంటి దాన్ని పారతో ఎత్తి కాలవలో పోయడం నాగరికత అనిపించుకుంటుందా?

నవ్వకండి. నేను ఆషామాషీగా రాసే మనిషిని కాను. ఇరవై ఏడేళ్లు ఎమ్డెన్ రేవులో సైకాలజిస్టుగా పనిచేశాను. క్రేన్ ఎక్కబోయే వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్లకు ఎత్తంటే భయం ఉందో లేదో తేల్చడం నా ఉద్యోగం. "నాకేం భయం?" అని నోరు అంటున్నప్పుడు బొటనవేలు ఏం చేస్తోందో చూసేవాణ్ణి. భయమున్నవాడి బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల కింద దాక్కుంటుంది. అలా నాలుగు వందల మందికి పైగా భయాలను పట్టుకున్నాను. ఒక్క భయం మాత్రం నాకు చిక్కలేదు. అది మా ఇంట్లోనే ఉండేది.

అయినా ఈ వ్యాసం మంచు గురించి. దారి తప్పను.

చలి వల్ల మనిషికి ఒరిగేదేమిటి అంటారా? ముందు మొహం సంగతి చూడండి. మామూలు రోజుల్లో మొహాన్ని బయట పెట్టుకుని తిరగాలి. బేకరీలో నవ్వాలి. చావింట్లో విచారించాలి. చర్చి గుమ్మం దగ్గర రెండిటికీ మధ్యలో ఏదో ఒకటి చెయ్యాలి. ఎంత శ్రమ! మైనస్ తొమ్మిది డిగ్రీల్లో ఆ గొడవ లేదు. టోపీ కనుబొమల దాకా, మఫ్లర్ ముక్కు దాకా. మధ్యలో మిగిలిన రెండు అంగుళాల్లో ఎంత తెలివైనవాడైనా ఏమీ చదవలేడు.

కళ్లజోడు పెట్టుకునే నా బోటివాళ్లకు ఇంకో సదుపాయం. వెచ్చటి గదిలోకి అడుగుపెట్టగానే అద్దాలు మసకబారతాయి. లోపల ఎవరున్నారో, మనల్ని చూసి వాళ్ల మొహం ఎలా మారిందో తెలియకముందే ఒక నిమిషం చేతిలో ఉంటుంది. ఆ నిమిషంలో మనిషి లోపల చెదిరినవన్నీ సర్దుకోవచ్చు. జూలైలో ఇలాంటి నిమిషాన్ని ఎవరిస్తారండీ?

ఇక కన్నీళ్లు! తూర్పు గాలి కొట్టినప్పుడు అందరి కళ్లూ కారతాయి. కారణం అడిగేవాడుండడు. మనిషి తన గుమ్మంలో నిలబడి, పక్కింటి తోటలో పాతిన "ఇల్లు అమ్మబడును" అనే బోర్డును చూస్తూ ఎంతసేపైనా కళ్లు తుడుచుకోవచ్చు. దారిన పోయేవాళ్లు "అబ్బ, ఏం గాలి!" అనుకుంటూ వెళ్లిపోతారు.

ఆ బోర్డు హిస్కెది.

హిస్కె మా పక్కింటావిడ. అరవై నాలుగేళ్లు. ముప్పై ఏళ్ల పాటు ఈ కరకట్ట వెంట సైకిల్ మీద ఉత్తరాలూ పత్రికలూ పంచి రిటైరైంది. భర్త పోయి పదహారేళ్లు. నా గుమ్మానికీ ఆమె గుమ్మానికీ మధ్య నలభై రెండు అంగలు. పద్నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం మూడు గంటలకు ఆ నలభై రెండు అంగలు వేసి వెళ్లి ఆమె వంటింట్లో టీ తాగుతున్నాను.

క్రిస్మస్ తర్వాత వచ్చిన ఆదివారం, కప్పులో మీగడ వేస్తూ వేస్తూ ఆమె అంది: "వసంతానికి లేర్ పట్నం వెళ్లిపోతున్నాను వియార్ట్. మా చెల్లెలి దగ్గరికి. అక్కడ లిఫ్టు కూడా ఉంది."

నేనేమన్నానో ఊహించగలరా? "లిఫ్టు చాలా సౌకర్యం," అన్నాను!

అదీ నా ప్రజ్ఞ. చుట్టుపక్కల నాకున్న ఒకే ఒక్క మనిషి వెళ్లిపోతానంటే, నేను లిఫ్టును మెచ్చుకున్నాను. ఆ తర్వాత రెండు వారాలు పగలంతా ఆ వాక్యాన్ని విశ్లేషించాను. ఎందుకలా అన్నాను? అనకపోతే ఏమని ఉండేవాణ్ణి? విశ్లేషణ పదకొండు పేజీలు వచ్చింది. బోర్డు మాత్రం తోటలోనే ఉంది.

నా తరఫున ఒక్క మాట చెప్పుకోనివ్వండి. నాకొక హోదా ఉంది. పదేళ్ల కిందట ఇదే పేజీలో "ఒక కుర్చీ చాలు" అని ఒక వ్యాసం రాశాను. పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వంటింట్లో రెండో కుర్చీ పెట్టుకోవడం బలహీనతకు మొదటి మెట్టని, ఒంటరితనమే మనసు పండిన మనిషి లక్షణమని అందులో తిరుగులేకుండా నిరూపించాను. జనం దాన్ని కత్తిరించి ఫ్రిజ్‌ల మీద అంటించుకున్నారు. రాసినదానికి కట్టుబడి ఉండాలి కదా? నా వంటింట్లోని నాలుగు కుర్చీల్లో మూడింటిని చర్చి వాళ్ల పాత సామాన్ల సంతకు ఇచ్చేశాను.

అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల నా పేరు వియార్ట్ కాదు, "ఒక్క కుర్చీ." ట్రాక్టర్ నడిపే ఫోకో అయితే పొలం అవతలి నుంచే అరుస్తాడు: "ఏమోయ్ ఒక్క కుర్చీ! కూర్చున్నావా, నిలబడ్డావా?"

ఇంత పేరు మోసినవాడు పక్కింటి తలుపు తట్టి "వెళ్లకు" అని ఎలా అంటాడు? ఆమె "సరే, అయితే మీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకుందాం పద" అంటే, ఎక్కడ కూర్చోబెడతాడు?

సరిగ్గా ఇక్కడే మంచు రంగంలోకి దిగింది.

పోయిన ఆదివారం పొద్దున పదకొండు గంటలకు హానోవర్ నగరం నుంచి హిస్కె ఇల్లు కొనేవాళ్లు రావాలి. లేచి చూస్తే నా తలుపే తెరుచుకోలేదు. కరకట్టకూ ఊరికీ మధ్య రోడ్డు లేదు. కంచెలు లేవు. కాలవలూ పొలాలూ ఒకటైపోయాయి. గాలి ఊడ్చుకొచ్చిన మంచు మా రెండిళ్ల మధ్య నడుం లోతు పేరుకుంది. రేడియోలో ఎవరో మహిళ "ప్రయాణాలు మానుకోండి, ఇళ్లలోనే ఉండండి" అని చదువుతోంది. అంత తియ్యటి గొంతు నేను జన్మలో వినలేదు! ఆమె ఆపేదాకా నిలబడే విన్నాను.

ఆ తర్వాత బట్టలు వేసుకున్నాను. చలికాలంలో బట్టలు వేసుకోవడం ఒక ధ్యానం. లోపలి ఉన్ని చొక్కా, దాని మీద చొక్కా, దాని మీద స్వెటర్, దాని మీద ఇంకో స్వెటర్, పొడుగు లోదుస్తులు, రెండు జతల మేజోళ్లు. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అన్నీ వేసుకుని బూట్లు కట్టుకోవడానికి వంగితే వంగలేకపోయాను. ఒంటరి మనిషికి మంచు నేర్పే మొదటి పాఠం ఇదే: ముందు బూట్లు, తర్వాత స్వెటర్లు. మిగతా ఇళ్లలో ఈ మాట చెప్పడానికి వెనక ఎవరో ఒకరు ఉంటారు.

తలుపును భుజంతో నెట్టి తెరిచి, పార తీసుకుని నా గుమ్మం నుంచి రోడ్డుకు దారి చెయ్యడం మొదలుపెట్టాను. కేవలం పౌరధర్మంగా. రెండు గంటలు తలెత్తకుండా తవ్వాను. తలెత్తి చూద్దును కదా, దారి రోడ్డు వైపు పోలేదు. మధ్యలో ఎక్కడో మెత్తగా వంకర తిరిగి హిస్కె గుమ్మం ముందు తేలింది! పార పట్టుకున్నది నా చేతులే. నన్నెవరూ సంప్రదించలేదు.

తలుపు తెరుచుకుంది.

"మోయిన్," అంది హిస్కె. ఇక్కడ పొద్దునకీ సాయంత్రానికీ ఒకటే పలకరింపు. "రోడ్డు అటుంది."

"తెలుసు. వ్యాయామం చేస్తున్నా."

"నడుం విరగ్గొట్టుకునే వ్యాయామమా? రా లోపలికి. బూట్లు అక్కడే వదులు. ఆ ముక్కు చూడు, క్యారెట్‌లా ఎలా అయిందో!"

కళ్లజోడు మసకబారింది. నా నిమిషం నాకు దొరికింది. దాన్ని పూర్తిగా వృథా చేశాను.

మన టీ గురించి మీకు నేను చెప్పాలా? అయినా నా కేసు రికార్డుకెక్కాలి కాబట్టి చెబుతాను. కప్పు అడుగున పెద్ద కలకండ ముక్క. దాని మీద మరిగే నల్లటి టీ పోస్తే ముక్క చిటపటమని పగులుతుంది. ఆ చప్పుడు విని పద్నాలుగేళ్లయినా నాకు విసుగు పుట్టలేదు. తర్వాత కప్పు అంచు వెంట ఒక చుక్క మీగడ. అది మునిగి, మబ్బులా పైకి లేస్తుంది. కలపకూడదు! కలిపినవాణ్ణి మళ్లీ పిలవరు. మొదట మీగడ, తర్వాత చేదు, అడుగున తీపి. ఉన్నది ఉన్నట్టు, ఆ వరసలోనే తాగాలి.

మూడు కప్పులు తాగకపోతే ఇంటివాళ్లకు అవమానం. ఆ తర్వాత కూడా కప్పు ఖాళీ అయితే నింపుతారు, మళ్లీ ఖాళీ అయితే మళ్లీ నింపుతారు. వద్దని నోటితో చెప్పే ఆచారం లేదు. చాలనుకున్నవాడు చెంచా తీసి కప్పులో వేస్తాడు. టింగ్! అంతే. ఆవిడ టీపాట్‌ను, టీ చల్లారకుండా ఉంచే చిన్న దీపం మీద పెట్టేస్తుంది, ఈయన లేచి టోపీ వెతుక్కుంటాడు. ఒక్క మాట అనకుండా మనిషి నుంచి మనిషి విడిపోయేందుకు ఇంత మర్యాదైన ఏర్పాటు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా? నాలాంటివాళ్ల కోసమే ఎవరో కనిపెట్టి ఉంటారు!

నా చెంచా ఎప్పుడూ మూడో కప్పు తర్వాతే పడుతుంది. పద్నాలుగేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. మూడు కప్పుల దాకా ఆచారం. నాలుగోది కావాలనుకుని తాగడం. ఆ తేడా నాకు బాగా తెలుసు.

ఆదివారం మూడో కప్పు అడుగుకు చేరుతుండగా, టీపాట్ ఎత్తి పట్టుకుని హిస్కె అడిగింది.

"వియార్ట్, నిజం చెప్పు. ఈ ఇంటి గురించి నువ్వేమనుకుంటున్నావు?"

బయట దారులన్నీ మూసుకుపోయి ఉన్నాయి. పొయ్యి వెచ్చగా ఉంది. ప్రపంచం మొత్తం పని మానేసి నా జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"పైకప్పు గట్టిది," అన్నాను.

"పైకప్పు."

"కిటికీలు కూడా. ముఖ్యంగా ఉత్తరం వైపువి."

"ఓహో. చెబుతాను, కొనేవాళ్లకి పనికొస్తుంది," అంది హిస్కె.

టింగ్!

సోమవారం కూడా రోడ్డు తెరవలేదు. మంచు ఎంత ఉదారమైందో గమనించారా? నిన్నటి చవటకు ఇవాళ ఇంకో అవకాశం! ఈసారి శాస్త్రీయంగా సిద్ధమయ్యాను. అనాల్సిన మాటను చీటీ మీద రాసుకున్నాను. మొదట అది ఒకే మాట. తర్వాత దానికి ముందు ఒక ఉపోద్ఘాతం, వెనక ఒక మినహాయింపు చేర్చాను. చివరికి చీటీ చదివితే, ఆమె వెళ్లడం వల్ల కలిగే లాభాల పట్టికలా ఉంది. చింపేశాను. బదులుగా అలమారులో ఉన్న రమ్ము సీసా తీసుకుని వెళ్లాను.

వేడి నీళ్లు, రమ్ము, చక్కెర. చలికాలపు పానీయాల్లో దీనికి మించి ధైర్యమిచ్చేది లేదంటారు. మొదటి గ్లాసుకు చెవులు వెచ్చబడ్డాయి. రెండో గ్లాసుకు నా బాల్యం మొత్తం ఒకే వాక్యంలో అర్థమైంది. మూడో గ్లాసుకు నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండగా, హిస్కె వాళ్లాయన పాత వాలుకుర్చీలో నిద్రపోయాను!

లేచేసరికి కిటికీలో వెలుగు పల్చబడుతోంది. నా మీద దుప్పటి ఉంది. హిస్కె ఎదురుగా కూర్చుని మేజోడు అల్లుతోంది.

"ఏమైనా అన్నానా?" అని అడిగాను.

"గురక పెట్టావు."

"అంతేనా?"

"మధ్యలో ఒకసారి 'లిఫ్టు' అన్నావు." సూదుల మీంచి కళ్లెత్తింది. "దాని గురించి నేను కూడా నీ అంత ఆలోచించలేదు వియార్ట్. నీకెందుకంత బెంగ దాని మీద?"

ఇంతకన్నా వెడల్పుగా ఏ తలుపైనా తెరుచుకుంటుందా? నేను లేచి దుప్పటి మడిచాను. చాలా చక్కగా, నాలుగు మూలలూ కలిపి మడిచి, ఇంటికొచ్చాను.

మంగళవారం మధ్యాహ్నానికి ఫోకో ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. ముందు ఇనుప పలక బిగించుకుని, మంచును రెండు పక్కలకీ చిమ్ముకుంటూ వస్తున్నాడు. అంత దుర్మార్గపు దృశ్యం ఈ మధ్య చూడలేదు. చేతులడ్డం పెట్టి ఆపాను.

"ఏమోయ్ ఒక్క కుర్చీ! ఈ సొరంగం ఎవరు తవ్వారు, నక్కా?"

"నేనే."

"మీ గుమ్మం నుంచి రోడ్డుకు కాలిబాట కూడా లేదు. ఆవిడ గుమ్మానికి మాత్రం రాజమార్గం వేశావే!"

"గాలి వాలును బట్టి తవ్వాను."

"అబ్బో, గాలి వాలు!" ఫోకో స్టీరింగ్ మీద పడి నవ్వాడు. "ఈ గాలి వాలు పద్నాలుగేళ్లుగా అటే ఉందని మా ఆవిడ చెబుతూనే ఉంది."

"ఫోకో, ఇంకో రెండు రోజులాగి తీయకూడదూ? సగం సీసా రమ్ముంది, ఇస్తాను."

"పాల లారీ వస్తోంది వెనకాల. ఆవులకు నీ రమ్ము పోసి ఆగమని చెప్పనా? తప్పుకో, తప్పుకో!"

పాల లారీ వెనకే హానోవర్ కారు వచ్చింది. అరగంట కాకుండానే హిస్కె నా కిటికీ తట్టింది.

"నువ్వు కూడా రా. ఇల్లు కొనేవాడికి పక్కింటివాడు ఎలా ఉంటాడో చూపించాలి కదా. శుభ్రమైన చొక్కా వేసుకో."

వచ్చినాయన పేరు ఎబెలింగ్. దంత వైద్యుడు. మనిషి మంచివాడని ఒప్పుకోక తప్పదు, ఎంత వెతికినా లోపం దొరకలేదు. ఇల్లంతా చూశాడు. పైకప్పు మెచ్చుకున్నాడు. ఉత్తరం కిటికీలను మరీ మెచ్చుకున్నాడు.

"నాకు కావలసింది నిశ్శబ్దం అండీ," అన్నాడు టీ ముందు కూర్చుని. "పొద్దున్నుంచీ సాయంత్రం దాకా జనం నా ముందు నోరు తెరుచుకునే ఉంటారు."

అని, చెంచా తీసి టీని గిరగిరా కలిపాడు! హిస్కె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. కలిపిన చెంచాను సాసర్‌లో పెట్టి గుక్కలో తాగేశాడు. ఆమె పోసింది. తాగాడు. ఆమె పోసింది. నాలుగో కప్పు వచ్చింది! పద్నాలుగేళ్లలో నేను చూడని నాలుగో కప్పును ఈయన గంట పరిచయంతో, ఏమీ జరగనట్టు తాగేశాడు. నేను ఆయన గుటకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వృత్తిపరంగా దానికి పేరుంది. పేరు తెలిసినంత మాత్రాన ఆగలేదు.

ఆరో కప్పు దగ్గర ఆయన "ఇక చాలండీ, నిజంగా," అన్నాడు.

"ఫర్వాలేదు, బయట చలి," అంటూ హిస్కె ఏడోది పోసింది. ఆమెకు తెలియకేం? పెదవి చివర చిన్న ముడత పడింది.

ఎబెలింగ్ పర్సులోంచి పసుపెక్కిన కాగితం ముక్క తీసి బల్ల మీద పరిచాడు. "అసలు ఇటువైపు ఇల్లు కొనాలనే ఆలోచన దీనివల్లే వచ్చిందండీ. కిందటేడాది సముద్రం దగ్గరికి సెలవులకు వస్తే, అద్దెకు తీసుకున్న గదిలో గోడకు అంటించి ఉంది. ఎన్నిసార్లు చదివానో! 'ఒక కుర్చీ చాలు.' కింద పేరు చిరిగిపోయింది. ఎవరో మహానుభావుడు."

హిస్కె ఆ కాగితాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. "అవునవును," అంది. "మహానుభావుడే."

నా కాలమ్‌కు ఇంత దూరం పాఠకులున్నారని తెలిసి గర్వపడాల్సిన సమయమది. నేను రాసిన వాక్యాలు హానోవర్ నుంచి కారేసుకుని వచ్చి, నా పక్కింటిని ఖాళీ చేయిస్తున్నాయి! రచనకు ఇంతకన్నా ప్రయోజనం ఏముంటుంది?

"ఇంత మంచి ఇల్లు ఎందుకు అమ్మేస్తున్నారండీ?" అని అడిగాడు ఎబెలింగ్, ఎనిమిదో కప్పును భయంగా చూస్తూ.

పరాయివాడు కాబట్టి అడగగలిగాడు. నేను పదకొండు పేజీల్లో ఒక్కసారి కూడా అడగని ప్రశ్న.

హిస్కె టీపాట్ పట్టుకునే జవాబిచ్చింది. నావైపు చూడలేదు.

"ఒకతను ప్రతి ఆదివారం టీకి వస్తాడండీ. మూడో కప్పు అవగానే చెంచా వేస్తాడు. ఆ చప్పుడయ్యాక మళ్లీ ఆదివారం దాకా ఈ ఇంట్లో ఇంకో చప్పుడుండదు. పద్నాలుగేళ్లు విన్నాను. లేర్‌లో కనీసం లిఫ్టు మోగుతుంది."

దంత వైద్యుడు తన సాసర్‌లోని చెంచా వైపు చూశాడు.

"అంటే," అన్నాడు ఎబెలింగ్ నెమ్మదిగా, "కప్పులో చెంచా వేస్తే ఇక పొయ్యరా?"

"పొయ్యను."

టింగ్! ఆ వేగం చూస్తే ఆయన పళ్లు పీకడంలో సిద్ధహస్తుడై ఉంటాడు. వేసి, లేచి, "బాత్రూమ్ ఎటండీ?" అని పరుగెత్తాడు.

మేమిద్దరం మిగిలాం. నా కప్పు వైపు చూశాను. చెంచా అప్పటికే అందులో ఉంది. ఎప్పుడు వేశానో గుర్తు లేదు. తర్వాత, ఎందుకో, నా చేతిని చూశాను. బొటనవేలు నాలుగు వేళ్ల కింద దాక్కుని ఉంది. రేవులో నా ముందు ఎవరైనా ఇలా కూర్చుంటే, "ఇతన్ని క్రేన్ ఎక్కించకండి" అని రాసి సంతకం పెట్టి ఉండేవాణ్ణి.

చెంచా బయటికి తీశాను. తుడవడానికి ఏమీ కనిపించక శుభ్రమైన చొక్కాకే తుడిచాను. సాసర్‌లో పెట్టాను.

హిస్కె కాసేపు ఆ చెంచాను చూసింది. కలకండ ముక్క వేసింది. టీ పోసింది. చిటపటమంది. మీగడ మబ్బు లేచింది. తాగాను. మీగడ, చేదు, తీపి. నాలుగో కప్పు అచ్చం మూడోదానిలాగే ఉంది! దీన్ని చూసా నేను ఇన్నేళ్లు లేచి పారిపోయింది?

ఎబెలింగ్ తేలికపడిన మొహంతో వచ్చాడు. ఇల్లు తనకు నచ్చిందన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాను, మీరు సరే అంటే చాలు అని కారెక్కాడు.

"హిస్కె," అన్నాను, "మనస్తత్వ శాస్త్రం ప్రకారం..."

"దాన్ని బయట వదిలి రా. బూట్ల పక్కన."

"నేను అనాలనుకున్నదేమిటంటే..."

"నాతో అనకు." ఆమె కప్పులు తీస్తోంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఊరందరి ముందూ రాశావు కదా, ఒక కుర్చీ చాలని? చాలదని ఊరందరి ముందే రాయి. నాకొక్కదానికే చెబితే రేపు పొద్దున మళ్లీ విశ్లేషించి వెనక్కి తీసుకుంటావు. నిన్ను నేనెరగనూ?"

"శుక్రవారం పత్రికలో..."

"పత్రిక ఏడున్నరకి వస్తుంది. ముప్పై ఏళ్లు పంచినదాన్ని. ఆయన ఫోన్ మధ్యాహ్నానికి. మధ్యలో చదువుకోవడానికి నాకు బోలెడు టైముంది."

ఇవాళ బుధవారం. రాయమన్నది కుర్చీ గురించి. నేనేం చేశానో చూశారుగా! ఇంతసేపూ మంచు గురించి రాశాను. మొహం, కళ్లజోడు, స్వెటర్లు, రమ్ము. వ్యాసం పొడుగునా నా బొటనవేలు ఎక్కడుందో మీకు కనిపించే ఉంటుంది.

రాత్రి నుంచి వెచ్చటి పడమటి గాలితో కుండపోత వాన పడుతోంది. మంచంతా కరిగిపోయింది. నేను తవ్విన వంకర దారి బురదలో కలిసి ఆనవాలు లేకుండా పోయింది. నా గుమ్మానికీ ఆమె గుమ్మానికీ మధ్య ఇప్పుడు అడ్డమేమీ లేదు. అదే నా ఇబ్బంది! తవ్వుకోవడానికి ఏదో ఒకటి ఉంటే చేతులు వాటంతటవే అటు తవ్వుకుపోయేవి.

కాబట్టి రోడ్ల శాఖ వారూ, నా విన్నపాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. మీరు మీ రోడ్డును మూడు రోజుల్లో తెరిచారు. పద్నాలుగేళ్లు మూసుకుపోయిన నలభై రెండు అంగలు మీ పరిధిలోకి రావు.

పొద్దున ఫోకో వచ్చాడు. ట్రాక్టర్ వెనక తాడుతో కట్టిన పాత కుర్చీ ఒకటి దించాడు. పదేళ్ల కిందట నేను చర్చి సంతకు ఇచ్చేసిన మూడింటిలో ఒకటి. వాళ్లావిడ కొని, దాని మీద కోళ్ల దాణా బస్తా పెట్టుకుంటోందట. "ఇకనైనా పేరు మార్చుకో," అని వెళ్లిపోయాడు. కడిగాను. ఒక కాలు పొట్టి. అట్టముక్క మడిచి పెట్టాను. ఇప్పుడు అది నా ఎదురుగా ఖాళీగా ఉంది. ఖాళీ కుర్చీ ఇంత చోటు తీసుకుంటుందని ఆ వ్యాసం రాసిన మహానుభావుడికి తెలియదు.

పదేళ్ల కిందట ఇదే పేజీలో నేను రాసింది తప్పు. ఒక కుర్చీ చాలదు.

హిస్కె, వెళ్లకు.

మిగతా పాఠకులు పేజీ తిప్పవచ్చు. వాతావరణం వెనక పేజీలో ఉంది.